ఆఫీసు పార్కింగ్‌లో కారు, కారులో పిస్టల్: టెక్సస్‌లో ఉద్యోగానికి ఎసరు పెట్టగలరా?

ముందు ప్రశ్న క్లుప్తంగా. అడిగినాయన డాలస్ దగ్గరి ఫ్రిస్కోలో ఉంటారు. గ్రీన్‌కార్డు వచ్చి ఏడు నెలలయింది. 2023 మే 6న ఆలెన్ ఔట్‌లెట్ మాల్‌లో కాల్పులు జరిగి ఎనిమిది మంది చనిపోయారు కదా, వాళ్లలో మన తెలుగు ఇంజనీర్ అమ్మాయి కూడా ఉంది. అప్పట్నుంచి ఇంట్లో అందరికీ భయమేనట. ఈమధ్యే ఒక పిస్టల్ కొన్నారు. పొద్దున కారులో పెట్టుకుని ఆఫీసుకు వెళ్లి, సాయంత్రం అటునుంచి అటే రేంజ్‌కు, అంటే తుపాకి కాల్చడం సాధన చేసే చోటుకు, పోవాలని ఆలోచన. కానీ కంపెనీ హ్యాండ్‌బుక్‌లో "పార్కింగ్‌తో సహా కంపెనీ ఆవరణలో ఆయుధాలు ఉండరాదు" అని ఉంది. స్నేహితుడేమో "టెక్సస్‌లో చట్టం ఉంది, వాళ్లు నిన్నేమీ చేయలేరు" అంటున్నాడు. ఎవరి మాట నిజం అని ప్రశ్న. చివర్లో మాటవరసకు అన్నట్టు ఇంకో ముక్క కూడా రాశారు: ఎఫ్-1 స్టూడెంట్ వీసా మీద వచ్చిన తమ్ముడు వాళ్లతోనే ఉంటున్నాడు, శని, ఆదివారాలు అదే కారు వాడతాడు.

నేను పదిహేడేళ్లుగా డాలస్ చుట్టుపక్కల హెచ్‌ఆర్‌లో పనిచేస్తున్నాను. మొదట గిడ్డంగి, తర్వాత ఒక ఫ్యాక్టరీ, ఇప్పుడు ఐటీ. లాయర్ని కాను. కానీ ఈ హ్యాండ్‌బుక్‌లు రాయించేదీ, అవి మీరిన వాళ్లను గదిలోకి పిలిచి కూర్చోబెట్టేదీ నాలాంటి వాళ్లమే.

సూటిగా చెప్పాలంటే మీ స్నేహితుడి మాటే చాలావరకు నిజం. చట్టబద్ధంగా మీదైన పిస్టల్ తాళం వేసిన మీ సొంత కారులో ఉన్నంతవరకు, ఆఫీసు పార్కింగ్‌లో ఉంచొద్దని టెక్సస్‌లో కంపెనీ నిషేధం పెట్టకూడదు. అయితే ఆ రక్షణ కారు తలుపు దగ్గరే ఆగిపోతుంది. ఇక తమ్ముడి సంగతి మీరు మాటవరసకు రాశారు గానీ, నన్నడిగితే ఉద్యోగం కంటే అదే పెద్ద ప్రమాదం. దాని దగ్గరికి చివర్లో వస్తాను, అక్కడిదాకా చదవండి.

చట్టం పేరు టెక్సస్ లేబర్ కోడ్, సెక్షన్ 52.061. 2011 సెప్టెంబర్ 1 నుంచి అమల్లో ఉంది. ఉద్యోగుల కోసం యజమాని ఏర్పాటు చేసిన పార్కింగ్‌లో, తాళం వేసిన సొంత వాహనంలో, చట్టబద్ధంగా తన దగ్గరున్న తుపాకిని, తూటాలను ఉద్యోగి ఉంచుకోవడాన్ని యజమాని అడ్డుకోకూడదు అని దాని సారాంశం. ప్రభుత్వ సంస్థకైనా ప్రైవేటు కంపెనీకైనా ఇదే. అందులో నాలుగు మాటలు గుర్తుపెట్టుకోండి: "తాళం వేసిన", "సొంత", "యజమాని ఏర్పాటు చేసిన", "చట్టబద్ధంగా". ఈ నాలుగింటిలో ఏదో ఒకదాని దగ్గర కాలుజారిన వాళ్లనే నేను చూశాను.

మరి చట్టం అంత స్పష్టంగా ఉంటే హ్యాండ్‌బుక్‌లో అలా ఎందుకు రాశారు? నూటికి తొంభై పాళ్లు నిర్లక్ష్యం. హెడ్డాఫీసు న్యూజెర్సీలోనో కాలిఫోర్నియాలోనో ఉంటుంది, అక్కడి లీగల్ వాళ్లు రాసిన పేజీనే దేశమంతా పంచుతారు. నేను ఫ్యాక్టరీలో చేరినప్పుడు మా హ్యాండ్‌బుక్‌లోనూ ఇదే వాక్యం ఉంది. ఫోర్క్‌లిఫ్ట్ సూపర్‌వైజర్ ఒకాయన నవ్వుతూ "అమ్మా, ఈ లైను ప్రకారం సగం షిఫ్టును ఇంటికి పంపాలి" అన్నాడు. నిజమే, ట్రక్కులో తుపాకి లేనివాడు అక్కడ అరుదు. లీగల్‌కు మెయిల్ పెట్టి, టెక్సస్ సైట్లకు విడిగా ఒక పేజీ రాయించడానికి ఆరు వారాలు పట్టింది. మీ హ్యాండ్‌బుక్ వెనక కూడా రాష్ట్రాల వారీగా అనుబంధాలు ఉన్నాయేమో చూడండి. చాలామంది మొదటి ముప్పై పేజీలు చదివి సంతకం పెట్టేస్తారు, అసలు సంగతి వెనకాల ఉంటుంది.

ఇక్కడో మాట చెప్పాలి. ఇండియా నుంచి కొత్తగా వచ్చినప్పుడు ఇదంతా నాకు మింగుడుపడలేదు. మా పెదనాన్నకి లైసెన్సు ఉన్న డబుల్ బ్యారెల్ ఉండేది. ఎన్నికలు వచ్చాయంటే దాన్ని పాత దుప్పట్లో చుట్టి, సైకిల్ క్యారియర్‌కి కట్టి, తీసుకెళ్లి పోలీస్ స్టేషన్‌లో జమ చేసి రసీదు తెచ్చుకునేవాడు. తుపాకి అంటే ప్రభుత్వం దయతలచి ఇచ్చేది అని మన బుర్రల్లో ఉంటుంది. ఇక్కడ అది హక్కు. ఆ హక్కుకీ, "నా స్థలంలో నా మాటే చెల్లాలి" అనే యజమాని హక్కుకీ మధ్య గీసిన సరిహద్దే ఈ పార్కింగ్ చట్టం.

కారు దిగాక. దాని పక్క సెక్షన్ 52.062లో ఇంకో మాట ఉంది: భవనం లోపలికి తుపాకి తేకూడదని కంపెనీ నిక్షేపంగా నిషేధించుకోవచ్చు. దాదాపు అన్ని కంపెనీలూ నిషేధిస్తాయి. నా సర్వీసులో ఆయుధం విషయమై ఉద్యోగాలు పోయినవన్నీ ఈ కారణంతోనే పోయాయి. పార్కింగ్ గొడవతో పోయింది ఒక్కటీ లేదు.

ఒకటి చెప్తాను. మా దగ్గర ఇన్వెంటరీ ప్లానర్ ఒకతను ఉండేవాడు, పన్నెండేళ్ల సర్వీసు, ఎవరితో మాటపడని మనిషి. ఆదివారం రేంజ్‌కు వెళ్లాడు. సోమవారం పొద్దున కారు సర్వీసింగుకు ఇచ్చాడు. మెకానిక్ చేతికి ఇచ్చే కారులో గన్ వదలడం ఎందుకని, దాన్ని తీసి ల్యాప్‌టాప్ బ్యాగు లోపలి జేబులో పెట్టుకున్నాడు. ఎంత జాగ్రత్తపరుడో చూడండి. అక్కడినుంచి టాక్సీలో నేరుగా ఆఫీసుకు వచ్చాడు. పది గంటల మీటింగులో ఛార్జర్ కోసం బ్యాగు తెరిచేసరికి పక్కనున్నావిడకు నల్లటి పిడి కనిపించింది. ఆవిడ అరవలేదు. మంచినీళ్లకు లేస్తున్నట్టు లేచి, ఖాళీ కప్పు చేత్తో పట్టుకునే నా గదికి వచ్చింది. మాట్లాడుతున్నంతసేపూ ఆ కప్పు వణుకుతూనే ఉంది. పదకొండున్నరకల్లా అతని బ్యాడ్జి నా డెస్క్ మీద ఉంది. మర్చిపోయానన్నాడు. నేను నమ్మాను, ఇప్పటికీ నమ్ముతాను. కానీ రూలు చూసేది బ్యాగు గుమ్మం దాటిందా లేదా అనే. మర్చిపోయారా, కావాలని తెచ్చారా అన్నది దానికి అనవసరం.

మీ ప్లాను చూడగానే నాకు అతనే గుర్తొచ్చాడు. ఆఫీసు నుంచి రేంజ్‌కు, రేంజ్ నుంచి ఇంటికి, ఈలోపు కారు సర్వీసు, పిల్లల క్లాసు... ఎక్కడో ఒకచోట బ్యాగు మారుతుంది. రేంజ్ బ్యాగు వేరు, ఆఫీసు బ్యాగు వేరు. ఒకదాంట్లోది ఇంకోదాంట్లోకి ఎప్పుడూ మారకూడదు.

లంచ్ టైములో "కొత్తది కొన్నా, రా చూపిస్తా" అని కొలీగ్‌ను కారు దగ్గరికి తీసుకెళ్లినవాడు ఇంకొకడున్నాడు. చేతిలోకి తీసి చూపించాడు. మూడో అంతస్తు కిటికీలోంచి ఎవరో చూసి 911కి ఫోన్ చేశారు. పోలీసులు రావడం, భవనానికి తాళాలు పడటం, రెండు గంటలు అందరూ టేబుళ్ల కింద. చేతిలోకి వచ్చాక అది "తాళం వేసిన కారులో ఉన్న తుపాకి" కాదు. పైగా ఇంతమందిని భయపెట్టినందుకు కంపెనీ వేరే క్లాజు కింద తీసేసింది.

"సొంత వాహనం". కంపెనీ ఇచ్చిన కారు, వ్యాను, కంపెనీ లీజుకు తీసుకున్న కారు ఈ చట్టం కిందికి రావు. ఫీల్డ్ సర్వీసులో ఉన్నవాళ్లు ఇది బాగా గుర్తుపెట్టుకోవాలి.

"యజమాని ఏర్పాటు చేసిన పార్కింగ్". మనవాళ్లకు ఎక్కువ చిక్కు ఇక్కడే. మీరు కంపెనీలో నేరుగా ఉద్యోగా, వెండర్ ద్వారా వెళ్లారా రాయలేదు. మన వాళ్లలో చాలామందికి జీతం, పే స్టబ్ ఇచ్చేది ఒక కన్సల్టెన్సీ, పనిచేసేది ఇంకో క్లయింట్ దగ్గర, మధ్యలో ఇంకో వెండర్. అప్పుడు మీ యజమాని ఎవరు? కన్సల్టెన్సీ. పార్కింగ్ ఎవరిది? క్లయింట్‌ది, లేదా ఆ భవనం ఓనర్‌ది. చట్టం మాట్లాడేది యజమాని, అతని ఉద్యోగి గురించి. క్లయింట్ "ఈ మనిషి రేపటినుంచి వద్దు" అని వెండర్‌కు ఒక్క లైను మెయిల్ పెడితే చాలు, కారణం కూడా చెప్పక్కర్లేదు. చట్టం పుస్తకం పట్టుకుని ఎవరి మీదికి వెళ్తారు? మధ్యలో మూడు కాంట్రాక్టులు ఉంటాయి. క్లయింట్ సైట్‌లో ఉన్న కన్సల్టెంట్ ఎవరడిగినా నేను చెప్పేది ఒకటే: ఇంట్లో పెట్టి రండి.

నేరుగా ఉద్యోగి అయినా, కంపెనీ పది కంపెనీలున్న భవనంలో రెండు అంతస్తులు అద్దెకు తీసుకుని ఉంటే, గ్యారేజీ నిబంధనలు భవనం వాళ్లవి కావచ్చు. మీ కంపెనీ పార్కింగ్ సొంతమా, లీజులో భాగమా అని ఫెసిలిటీస్ వాళ్లను మామూలుగా అడిగి తెలుసుకోండి. గన్ ఊసు ఎత్తక్కర్లేదు.

"చట్టబద్ధంగా". 2021 సెప్టెంబర్ 1 నుంచి టెక్సస్‌లో 21 ఏళ్లు నిండి, వేరే అనర్హత ఏదీ లేనివాళ్లు లైసెన్సు లేకుండానే హ్యాండ్‌గన్ తీసుకెళ్లొచ్చు. అయినా లైసెన్సు తీసుకోమనే నా సలహా. ఫీజు 40 డాలర్లు, క్లాసు నాలుగు నుంచి ఆరు గంటలు, గ్రీన్‌కార్డు వాళ్లకూ ఇస్తారు. ఎందుకంటే ఫెడరల్ చట్టం, అంటే దేశమంతటికీ వర్తించే చట్టం ప్రకారం స్కూలుకు 1,000 అడుగుల లోపల తుపాకి ఉండకూడదు. రాష్ట్రం ఇచ్చిన లైసెన్సు ఉన్నవాళ్లకు అందులో మినహాయింపు ఉంది. లేనివాళ్లు తూటాలు తీసేసి, తాళం వేసిన పెట్టెలో పెట్టాలి. మీరు పొద్దున పిల్లల్ని స్కూల్లో దించి ఆఫీసుకు వెళ్తారనుకోండి, ఆ దారంతా ఈ రూలు కిందికే వస్తుంది. రాష్ట్రం లైసెన్సు అక్కర్లేదన్నంత మాత్రాన ఫెడరల్ రూలు మాయమైపోదు. ఇక కారులో గన్ బయటికి కనిపించేలా ఉంటే అది హోల్‌స్టర్‌లో, అంటే తుపాకి ఒరలో ఉండి తీరాలి. అసలు కనిపించకుండా ఉంచడమే మేలు.

చట్టంలోనే రాసిపెట్టిన మినహాయింపులు కూడా ఉన్నాయి. స్కూళ్లకు వేరే నిబంధనలు. హ్యూస్టన్ వైపు రిఫైనరీలు, కెమికల్ ప్లాంట్లలో పనిచేసేవాళ్లయితే, కాపలా ఉన్న గేటు దాటి ప్లాంటు ఆవరణలోకి కారు తీసుకెళ్లే చోట కంపెనీ నిషేధించవచ్చు. గేటు బయటి పార్కింగ్‌లో లైసెన్సు ఉన్నవాళ్లకు మళ్లీ వెసులుబాటు ఉంది. వెస్ట్ టెక్సస్ చమురు క్షేత్రాల్లో మినరల్ లీజులోనే (చమురు, గ్యాస్ తీసుకోవడానికి రాసుకున్న లీజు) నిషేధం రాసి ఉంటే అదే చెల్లుతుంది. పోస్టాఫీసు ఆవరణలో పార్కింగ్‌తో సహా నిషేధం. అది చెల్లుతుందని 2015లో టెన్త్ సర్క్యూట్ అప్పీలు కోర్టు కొలరాడో కేసులో తీర్పిచ్చింది. మిలిటరీ బేస్‌లో కాంట్రాక్టు చేసేవాళ్ల సంగతి చెప్పక్కర్లేదు, గేటు దగ్గరే దొరికిపోతారు.

గుమ్మం దగ్గర 30.06, 30.07 అంకెలున్న బోర్డులు చూసే ఉంటారు, ఇంగ్లీషులోనూ స్పానిష్‌లోనూ అంగుళం ఎత్తు అక్షరాలతో. మొదటిది లైసెన్సుదారు గన్ దాచుకుని రాకూడదని, రెండోది బయటికి కనిపించేలా రాకూడదని. అవి ట్రెస్‌పాస్ చట్టానికి, అంటే వద్దన్న చోటికి చొరబడటానికి సంబంధించినవి, దాటితే క్రిమినల్ కేసే అవుతుంది. హ్యాండ్‌బుక్ దాటితే పోయేది ఉద్యోగం. రెండూ వేర్వేరు.

ఇప్పుడు చాలామందికి నచ్చని మాట. చట్టం మీ వైపు ఉన్నంత మాత్రాన ఉద్యోగం భద్రం అనుకోకండి. టెక్సస్‌లో ఉద్యోగమంటేనే "ఎట్-విల్". కారణం చెప్పకుండా, రేపట్నుంచి రావద్దు అనొచ్చు. 52.061 కంపెనీ చేతులు కడుతుంది గానీ, కంపెనీ దాన్ని మీరితే మీకు ఇంత పరిహారం ఇవ్వాలని అందులో రాసి లేదు. మేనేజర్‌కి మీరంటే భయం పట్టుకుంటే, మూడు నెలల తర్వాత లేఆఫ్ లిస్టులో మీ పేరు ఎందుకుందో ఎవరూ నిరూపించలేరు. ఆ లిస్టులు తయారయ్యే గదిలో నేను కూర్చున్నాను కాబట్టి చెప్తున్నాను. అందుకే గన్ ఉన్న సంగతి ఆఫీసులో ఎవరికీ చెప్పకపోవడమే ఉత్తమం. వాట్సాప్ డీపీలో రేంజ్ ఫోటో, కారు వెనక గన్ కంపెనీ స్టిక్కరు, లంచ్‌లో కబుర్లు, ఏవీ వద్దు.

హెచ్‌ఆర్ పిలిచి "మీ కారులో ఆయుధం ఉందా" అని సూటిగా అడిగితే? అలా అడగకూడదని ఫ్లోరిడా చట్టంలో రాసి ఉంది. టెక్సస్ చట్టంలో ఆ మాట లేదు. అబద్ధం మాత్రం చెప్పకండి. అబద్ధం చెప్పి దొరికితే గన్ సంగతి పక్కకు పోయి, "విచారణలో అబద్ధమాడాడు" అని రాస్తాం. అది రాయడం మాకు చాలా తేలిక. "నా కారులో ఉన్నవన్నీ చట్టబద్ధంగానే ఉన్నాయి, 52.061 ప్రకారం వ్యవహరిస్తున్నాను. ఇంకా ఏమైనా కావాలంటే రాతపూర్వకంగా అడగండి" అనండి. ఆ సెక్షన్ నంబరు వినగానే నాలాంటి వాళ్లు పెన్ను కింద పెట్టి లీగల్‌కు ఫోన్ చేస్తారు.

రేపు టెక్సస్ వదిలి వేరే రాష్ట్రానికి వెళ్తే ఏమిటని కింద ఇంకొకరు అడిగారు. ఇలాంటి పార్కింగ్ చట్టాలు ఇరవైకి పైగా రాష్ట్రాల్లో ఉన్నాయి, ఏ రెండూ ఒకేలా ఉండవు. కథ మొదలైంది ఓక్లహోమాలో. 2002లో వాలియంట్ అనే చిన్న ఊళ్లో వెయర్‌హౌజర్ పేపర్ మిల్లు మత్తుపదార్థాల కోసం కుక్కలతో పార్కింగ్ అంతా వెతికించింది. పలువురు కార్మికుల వాహనాల్లో తుపాకులు దొరికాయి, ఉద్యోగాలు పోయాయి. చుట్టూ వేటకు వెళ్లే జనం. ఊరంతా భగ్గుమంది. 2004లో రాష్ట్రం చట్టం తెచ్చింది. పెద్ద కంపెనీలు కోర్టుకెక్కి, కార్మికుల భద్రత గురించిన ఫెడరల్ చట్టానికి ఇది విరుద్ధమని వాదించాయి. 2007లో కింది కోర్టు ఆ వాదన ఒప్పుకుని చట్టాన్ని ఆపింది. 2009లో టెన్త్ సర్క్యూట్ ఆ తీర్పును తిప్పికొట్టింది. రామ్‌సే వించ్ కేసు అంటారు దాన్ని. ఆ తర్వాత ఇంకొన్ని రాష్ట్రాలూ ఇలాంటి చట్టాలు తెచ్చాయి.

చట్టం లేకపోతే ఏమవుతుందో యూటాలో కనిపించింది. ఆగ్డెన్‌లో ఏఓఎల్ కాల్ సెంటర్ ఉద్యోగులు ముగ్గురు, పని అయ్యాక రేంజ్‌కు వెళ్దామని పార్కింగ్‌లోనే గన్లు ఒక కారులోంచి ఇంకో కారులోకి మార్చుకున్నారు. కెమెరాలో పడింది. ముగ్గుర్నీ తీసేశారు. 2004లో ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు కంపెనీదే రైటు అంది. 2009లో గానీ అక్కడ చట్టం రాలేదు. మీ ప్లాను కూడా "పని అయ్యాక రేంజ్" కాబట్టి ఈ కేసు మీకోసమే చెప్తున్నాను.

కెంటకీలో యూనివర్సిటీ ఆస్పత్రి ఉద్యోగి ఒకతన్ని కారులో గన్ ఉందని తీసేస్తే, 2012లో రాష్ట్ర సుప్రీంకోర్టు అతని పక్షాన నిలిచింది. మిసిసిపీలో చట్టం ఉంది, కానీ గేటు, సెక్యూరిటీ పెట్టి అందర్నీ రానివ్వని పార్కింగ్ అయితే కంపెనీ నిషేధించవచ్చు. టెనెసీలో 2013లో వచ్చిన చట్టం గన్ ఉంచడం నేరం కాదంది తప్ప ఉద్యోగం సంగతి తేల్చలేదు. దానికి మళ్లీ 2015లో ఇంకో చట్టం కావాల్సివచ్చింది. ఫ్లోరిడాది 2008 చట్టం. పేలుడు పదార్థాల పర్మిట్ ఉన్న స్థలాలకు అందులో మినహాయింపు ఉంటే, రాత్రిపూట బాణసంచా కాలుస్తాం కాబట్టి మాకూ అది వర్తిస్తుందని డిస్నీ వరల్డ్ వాదించింది. మినహాయింపులు ఎంత దూరం సాగుతాయో చూడండి.

న్యూజెర్సీలో ఎడిసన్ వైపు వెళ్లేవాళ్లు మాత్రం టెక్సస్ అలవాట్లు ఇక్కడే వదిలేసి వెళ్లండి. అక్కడ క్యారీ పర్మిట్ (తుపాకి వెంట ఉంచుకునే అనుమతి) లేకుండా కారులో హ్యాండ్‌గన్ ఉంటే అది పెద్ద నేరం. రేంజ్‌కు తీసుకెళ్లడానికి కూడా తూటాలు తీసేసి, పెట్టెలో కట్టేసి లేదా ట్రంక్‌లో తాళం వేసి, దారిలో అవసరానికి మించి ఎక్కడా ఆగకుండా వెళ్లాలి. తొమ్మిది గంటలు ఆఫీసులో ఆగి వెళ్తానంటే కుదరదు. కాలిఫోర్నియాలో ఖాళీ చేసి తాళం వేసిన పెట్టెలో ఉంచాలి, పార్కింగ్‌లో వద్దని కంపెనీ అంటే అదే ఫైనల్.

చట్టం సంగతి పక్కన పెడితే, నా సొంత అభిప్రాయం కూడా చెప్తాను, కోపం తెచ్చుకోకండి. ఆఫీసు పార్కింగ్‌లో ఉన్న గన్ మిమ్మల్ని దేన్నుంచీ కాపాడదు. మీరు నాలుగో అంతస్తులో, అది రెండు వందల గజాల అవతల గ్లవ్ బాక్సులో. కానీ దొంగకు మాత్రం రోజూ తొమ్మిది గంటలు అందుబాటులో ఉంటుంది. అద్దం పగలగొట్టి గ్లవ్ బాక్సు లాగడానికి అర నిమిషం చాలు. మా పార్కింగ్‌లో ఒకేరోజు నాలుగు ట్రక్కుల అద్దాలు పగిలాయి. ల్యాప్‌టాప్ వదిలేసి గన్ పట్టుకుపోయారు. పెట్టి తీరాలంటే సీటు కాలికి ఉక్కు కేబుల్‌తో కట్టే చిన్న లాక్‌బాక్సు కొనండి, సీరియల్ నంబరు ఇంట్లో రాసి పెట్టుకోండి. బాక్సులో పెట్టడం ఇంటి దగ్గరే అయిపోవాలి, ఆఫీసు పార్కింగ్‌లో తీసి సర్దడం వద్దు. పిల్లలున్న ఇల్లయితే ఇంకోటి: 17 ఏళ్ల లోపు పిల్లలకు తూటాలున్న గన్ అందేలా వదిలేస్తే టెక్సస్‌లో అది నేరం.

ఇక తమ్ముడి సంగతి. ఫెడరల్ చట్టం, 18 యూఎస్‌సీ 922(జి)(5) ప్రకారం, నాన్-ఇమిగ్రెంట్ వీసా (తాత్కాలికంగా ఉండే వీసా) మీద వచ్చినవాళ్ల దగ్గర తుపాకి గానీ తూటా గానీ ఉండకూడదు. ఎఫ్-1, హెచ్-1బి, హెచ్-4, ఎల్-1 అన్నీ అందులోవే. మీకు గ్రీన్‌కార్డు ఉంది కాబట్టి మీకు వర్తించదు. తమ్ముడికి వర్తిస్తుంది. శిక్ష 2022 నుంచి 15 ఏళ్ల వరకు. టెక్సస్ చట్టం ఎంత ఉదారంగా ఉన్నా ఇక్కడ పనికిరాదు. "హంటింగ్ లైసెన్సు కొంటే చాలు" అని మనవాళ్ల గ్రూపుల్లో తిరిగే సలహా ఉంది. చట్టంలో ఆ మినహాయింపు ఉన్నమాట నిజమే. కానీ దాన్ని నమ్ముకుని ఇమిగ్రేషన్ లాయర్‌తో మాట్లాడకుండా అడుగేయొద్దు.

"ఏదో రేంజ్‌కు సరదాగా తీసుకెళ్తా" అనుకుంటున్నారేమో. రేంజ్‌లో అద్దెకు తీసుకుని పట్టుకున్నా చేతిలో ఉన్నట్టే. ఫ్లోరిడాలో చదువుకోడానికి వచ్చిన యూఏఈ విద్యార్థి ఒకతన్ని మార్కులు రాక కాలేజీ తీసేసింది, స్టేటస్ పోయింది. ఆ తర్వాత రేంజ్‌కు వెళ్లి కాల్చాడు. ఆ కాసేపటి సరదా అమెరికా సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 2019 నాటి రెహైఫ్ కేసు అదే. తన దగ్గర తుపాకి ఉందనీ, తను నిషేధం ఉన్న కోవలోకి వస్తాననీ నిందితుడికి తెలుసని ప్రభుత్వం నిరూపించాలని కోర్టు చెప్పింది. మీ తమ్ముడికి అది ఎంత సాయపడుతుందో ఆలోచించండి: కారులో గన్ ఉందని అతనికి తెలిసి ఉంటే, తాళం చెవులు అతని చేతిలో ఉంటే, ప్రాసిక్యూటర్ అడిగే మొదటి ప్రశ్న అదే.

మీకూ ఓ మాట. గ్రీన్‌కార్డు ఉన్నా మీరు సిటిజన్ కాదు. తుపాకికి సంబంధించిన నేరంలో శిక్ష పడితే, అది చిన్నదైనా, గ్రీన్‌కార్డు హోల్డర్‌ను కూడా దేశం నుంచి పంపించడానికి ఇమిగ్రేషన్ చట్టంలో ప్రత్యేకంగా ఒక క్లాజు ఉంది. అదే తప్పు సిటిజన్ చేస్తే జరిమానా కట్టి ఇంటికి పోతాడు. ఇంట్లో గన్ పెట్టే సేఫ్ కోడ్ తమ్ముడికి చెప్పకండి, తాళం చెవి అతనికి అందే చోట పెట్టకండి. వీలైతే వారాంతానికి అతనికి వేరే కారు చూడండి.

కుదరకపోతే, ఈ శుక్రవారం రాత్రి కారు తాళాలు ఇచ్చేముందు లాక్‌బాక్సు బయటికి తీసి, టార్చ్ వేసి సీట్ల కింద, డోర్ పాకెట్లలో, ట్రంక్‌లో చాప ఎత్తి చూడండి. రేంజ్ నుంచి వచ్చాక ఒకటీ అరా తూటాలు దొర్లి ఉంటాయి. అది కూడా అతని దగ్గర దొరక్కూడనిదే. వెండర్ ద్వారా వెళ్లారా, పార్కింగ్ ఎవరిది, ఈ రెండూ తెలిశాక కింద రాయండి, మిగతాది అప్పుడు చూద్దాం.